17 మజిలీల స్నానం

భుజం పట్టేసి అప్పటికి చాలా నెలలైంది. జడ వేసుకోవడానికి చెయ్యి వెనక్కి పోదు, పై అరలో పప్పు డబ్బా అందదు, రాత్రి ఆ పక్కకి తిరిగితే మెలకువ వచ్చేస్తుంది. ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. దానంతటది వదలాల్సిందే, ఈలోపు వ్యాయామాలు మానొద్దన్నారు. కార్ల్స్‌రూలో నాకు ఫిజియోథెరపీ చేసే ఆవిడ ఒకరోజు నా చెయ్యి పట్టుకుని పైకి లేపుతూ, "ఒళ్ళంతా లోపలిదాకా వేడెక్కితే ఇంకో నాలుగు వేళ్ళు లేస్తుంది. ఒకసారి బాడెన్-బాడెన్‌లో ఫ్రీడ్రిష్‌బాడ్ అనే స్నానశాలకి వెళ్ళి రా" అంది. జర్మనీలో ఇలా చెప్పడం వింతేం కాదు. వేడినీటి ఊటలున్న ఊళ్ళో రోజుల తరబడి ఉండి వైద్యం చేయించుకోవడం ఇక్కడ తరాలనాటి అలవాటు. డాక్టరు రాసిస్తే కొన్నిటికి ఆరోగ్య బీమా కూడా డబ్బులిస్తుంది.

అది 2019. మా వదిన, అంటే మా ఆయన అక్క, గుంటూరు నుంచి వచ్చి మా దగ్గరే ఉంది. ఆవిడకి రెండు మోకాళ్ళూ అరిగాయి. ఆపరేషన్ మాటెత్తితే మొహం తిప్పేసుకుంటుంది. బాడెన్-బాడెన్ మాకు రైల్లో అరగంట కూడా పట్టదు కాబట్టి ఇద్దరం కలిసి వెళదామనుకున్నాం. చిక్కల్లా ఒకటే. ఫ్రీడ్రిష్‌బాడ్‌లో ఒంటి మీద నూలుపోగు ఉండకూడదు.

"నూలుపోగు కూడానా?" అంది వదిన.

"అవును వదినా. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ వేరువేరుగా ఉండే రోజులున్నాయట, అలాంటి రోజు చూసుకుని వెళదాం. మీకు మరీ ఇబ్బందైతే పక్కనే కారకల్లా అని ఇంకోటుంది, కొత్తది. అక్కడ స్విమ్‌సూట్ వేసుకోవచ్చు."

"స్విమ్‌సూటా? ఈ వయసులో అది నాకు తొడిగి నలుగురిలో నిలబెడతావా? దానికంటే ఇదే నయం."

ఈ తర్కం నాకు అప్పుడు అర్థం కాలేదు కానీ, ఒప్పుకుంది కదా అని మారు మాట్లాడలేదు.

స్టేషన్ ఊరికి దూరం, ఓస్ అనే చోట ఉంటుంది. అక్కణ్ణించి బస్సెక్కి లియోపోల్డ్స్‌ప్లాట్స్‌లో దిగి, మెట్ల సందుల్లోంచి పైకి నడిచాం. వదిన ప్రతి పది మెట్లకీ ఆగింది. మోకాళ్ళ నొప్పులకి మందు దొరికే చోటికి ఇన్ని మెట్లేంటని అడిగింది. న్యాయమైన ప్రశ్న.

ఊళ్ళో ఊటలన్నీ ఫ్లోరెంటీనర్‌బెర్గ్ అనే గుట్ట వాలులోంచే వస్తాయి. బ్లాక్ ఫారెస్ట్ కొండల మీద పడిన వాన బండల పగుళ్ళలోంచి లోపలికి ఇంకి, దాదాపు 2000 మీటర్ల లోతుకి దిగి, అక్కడి వేడికి కాగి, ఉప్పు కలుపుకుని మళ్ళీ పైకి తన్నుకొస్తుంది. అలా దిగి ఎక్కడానికి వేల ఏళ్ళు పడుతుంది. అంటే ఇవాళ మన ఒంటి మీద పడే నీళ్ళు, రోమన్లు అనే వాళ్ళు పుట్టకముందు కురిసిన వాన. రోజుకి సుమారు 8 లక్షల లీటర్లు వస్తాయి. అన్నిటికన్నా వేడి ఊటలో 68 డిగ్రీలు దాటుతుంది. ఆ దగ్గర్లోనే ఒక ఊట నీళ్ళు వీధిలోకి, చిన్న తొట్టిలోకి పడుతుంటాయి. వదిన అలవాటుగా దోసిలి పట్టబోయి చెయ్యి వెనక్కి లాక్కుంది. "అమ్మో, అన్నం ఉడికేలా ఉంది."

స్నానానికి ముందు, భవనం అడుగున ఉన్న రోమన్ల శిథిలాలు చూశాం. నా మటుకు ముందు ఇది చూడ్డమే మంచిదైంది. రోమన్ల కాలంలో ఈ ఊరి పేరు అక్వే, 'నీళ్ళు' అని అంతే. రైన్ నదికి అవతల, ఇప్పటి స్ట్రాస్‌బర్గ్‌లో ఉండే దండు సైనికులు ఇక్కడికొచ్చి స్నానాలు చేసేవాళ్ళు. 213లో అలమన్ని తెగల మీదికి యుద్ధానికొచ్చిన చక్రవర్తి కారకల్లాకి ఈ ఊరి మీద ప్రత్యేకమైన ఆపేక్ష ఉండేదంటారు. పక్కనున్న కొత్త స్నానశాలకి ఆయన పేరే పెట్టుకున్నారు. చక్రవర్తికీ ఆయన పరివారానికీ వేరే స్నానశాల ఉండేది, అది ఊళ్ళో ఇంకో చోట నేల కింద ఉంది. మేం చూసింది సిపాయిలది.

చూడ్డానికి గొప్పగా ఏం లేదు. పాలరాయీ లేదు, విగ్రహాలూ లేవు. మోకాలెత్తు ఇటుక దిమ్మెలు, వరసలు వరసలుగా. వాటి మీద ఒకప్పుడు నేల ఉండేది. పక్క గదిలో పొయ్యి మండిస్తే ఆ వేడిగాలి, పొగ ఈ దిమ్మెల మధ్యలోంచి పాకి, గోడల్లో పేర్చిన బోలు ఇటుకల్లోంచి పైకి పోయేది. నేలా గోడా రెండూ కాలేవి. గదిలో మాత్రం పొగుండదు. భూమిలోంచి కాగిన నీళ్ళు ఊరికే వస్తుంటే మళ్ళీ పొయ్యెందుకు అని నాకు అనుమానమొచ్చింది. కాసేపటికి తోచింది, వాళ్ళు నీళ్ళని మాత్రమే నమ్ముకోలేదు. ముందు గోరువెచ్చటి గది, తర్వాత వేడి గది, చివర చన్నీళ్ళు. మనిషిని ఒక వరసలో కాచి, ఒక వరసలో చల్లార్చేవాళ్ళు. ఊట దొరికిందని అందులోకి దూకలేదు.

మీద ఉన్న ఫ్రీడ్రిష్‌బాడ్ 1877లో తెరిచారు. అప్పట్లో ఈ ప్రాంతాన్ని ఏలుతున్న గ్రాండ్ డ్యూక్ ఫ్రీడ్రిష్ పేరు పెట్టారు. కార్ల్ డెర్న్‌ఫెల్డ్ కట్టాడు. అంతకుముందు ఈ ఊరికి జూదశాల మీదే పెద్ద రాబడి. దోస్తయేవ్‌స్కీ లాంటివాళ్ళు డబ్బు పోగొట్టుకున్నది ఇక్కడే. జర్మన్ సామ్రాజ్యం 1872 చివరికల్లా జూదశాలలన్నీ మూయించేసింది. రాబడి పోయిన ఊరికి మళ్ళీ నీళ్ళే దిక్కయ్యాయి. ఫ్రీడ్రిష్‌బాడ్ తెరిచిన మరుసటేడు అమెరికన్ రచయిత మార్క్ ట్వేన్ ఈ ఊరికి వచ్చాడు. ఊరినీ దుకాణదారుల్నీ తిట్టిపోసి, నా కీళ్ళవాతం మాత్రం ఇక్కడే వదిలేసి వెళ్తున్నాను, ఉంచుకోండి అని రాశాడు.

ఇక లోపలికి.

కౌంటర్ దగ్గర అమ్మాయి ముందే చెప్పేసింది. ఇవాళ ఆడవాళ్ళ వైపు, మగవాళ్ళ వైపు వేరు, కానీ మధ్యలో గుమ్మటం కింద కొలనుల దగ్గర రెండు వైపులూ కలుస్తాయి, ఫర్వాలేదా అని. నేను వదిన వైపు చూశాను. ఆవిడ ఆలోచించింది. "ఇద్దరు పిల్లల్ని కన్నాను, అప్పుడు ఎంతమంది చూళ్ళేదు. పద" అంది. సబ్బుతో తోమే సేవ కూడా కలిపి టికెట్ తీసుకున్నాం. ఫోను, గొలుసు, కళ్ళజోడు, అన్నీ లాకర్లోకి వెళ్ళిపోయాయి. లోపల ఎవరి దగ్గరా ఫోను లేకపోవడం ఎంత ధైర్యమో అక్కడికెళ్తే గానీ తెలీదు.

మొత్తం 17 మజిలీలు. ప్రతి గది గోడ మీదా అంకె, ఎన్ని డిగ్రీలు, ఎన్ని నిమిషాలుండాలి అన్నీ రాసి ఉంటాయి. మొదటిది షవరు. పళ్ళెమంత షవర్ తల, దాన్ని తిప్పడానికి బస్సు స్టీరింగంత ఇత్తడి చక్రం. నా చేత్తో తిరగలేదు, వదిన తిప్పింది. సిగ్గు కూడా అక్కడే, ఆ మొదటి ఐదు నిమిషాల్లోనే పోయింది. చుట్టూ ఉన్నవాళ్ళలో డెబ్భై దాటిన ముసలమ్మలే ఎక్కువ. ఆపరేషన్ గాట్లు, జారిన పొట్టలు, ఉబ్బిన నరాలు. ఎవరూ ఎవర్నీ చూడటం లేదు. అందరి కళ్ళూ గోడ మీద డిగ్రీల మీదే. స్విమ్‌సూట్ గురించి వదిన అన్నది అప్పుడు బుర్రకెక్కింది. బట్ట ఉంటే అది ఎలా కనబడుతోందన్న బెంగ ఉంటుంది, అసలు లేకపోతే బెంగకి చోటే లేదు.

రెండోది 54 డిగ్రీల వెచ్చటి గాలి గది, పావుగంట. చెప్పులూ దుప్పటీ ఇచ్చారు. చెక్క మంచం మీద దుప్పటి పరుచుకుని పడుకోవాలి, నేల అంత కాలుతుంటుంది. గోడల నిండా పెంకు పలకల మీద చేత్తో వేసిన రంగు బొమ్మలు. మూడోది 68 డిగ్రీలు, ఐదు నిమిషాలే. వీధిలో తొట్టి దగ్గర వదిన చెయ్యి వెనక్కి లాక్కున్న నీళ్ళ వేడీ దాదాపు ఇంతే. అంత వేడి గాలిలో మేం హాయిగా పడుకుని ఉన్నాం. కారణం గాలి పొడిగా ఉండటం. ఒంటి మీద చెమట పట్టినట్టే పట్టి ఆరిపోతుంటుంది, ఆరుతూ ఒంటి వేడిని లాక్కుపోతుంది. ఈ కిటుకుని 1850ల్లో ఐర్లండ్‌లో రిచర్డ్ బార్టర్ అనే డాక్టరు పట్టుకున్నాడు. కార్క్ దగ్గర బ్లార్నీలో తను నడిపే వైద్యశాలలో ఆవిరి తీసేసి పొడి గాలి పెట్టి చూస్తే, రోగులు మరింత వేడిని తట్టుకోగలిగారు. ఫ్రీడ్రిష్‌బాడ్‌లో చేసేదాన్ని రోమన్-ఐరిష్ స్నానం అనడం అందుకే. వరస రోమన్లది, పొడి గాలి ఐర్లండ్ డాక్టరుది.

ఇంకో షవరయ్యాక తోముడు. నాకు అన్నిటికన్నా బాగా గుర్తున్నది ఇదే. తెల్ల బట్టల్లో ఉన్న దిట్టమైన ఒకావిడ బల్ల చూపించి, గట్టి బ్రషా, మెత్తటిదా అనడిగింది. నేను మెత్తటిది అన్నాను. వదిన ఏమడిగిందో అర్థం కాకపోయినా బ్రష్షుల్ని చూసి గట్టిదాన్ని వేలితో చూపించింది. నురుగు కక్కే బ్రష్షు మడమల దగ్గర మొదలెట్టి మెడ దాకా ఎక్కుతుంది, బోర్లా తిప్పి మళ్ళీ అంతా. ఎనిమిది నిమిషాలు. చెయ్యి వెనక్కి పోవడం లేదని సైగ చేస్తే, ఆవిడ నా భుజం కింద అరచెయ్యి పెట్టి ఎత్తి పట్టుకుని మరీ తోమింది. చివర్లో వీపు మీద చరిచి, లే అన్నట్టు సైగ. పక్క బల్ల మీంచి వదిన గొంతు, "భోగినాడు మా అమ్మ నలుగు పెట్టినట్టుందే, సున్నిపిండి ఒక్కటే తక్కువ!" రోమన్లయితే ముందు నూనె పట్టించి, కొడవలిలా వంగిన ఇనుప పలకతో మురికీ నూనే కలిపి గీసేసేవాళ్ళు. ఇక్కడ నూనె లేదు, ఉంటే వదిన ఇంకా సంతోషించేది.

ఆ తర్వాత ఆవిరి గదులు, ముందు 45, తర్వాత 48. అంకెలు చూస్తే ఇందాకటికంటే తక్కువ. కూర్చుంటే తెలుస్తుంది. గాలి నిండా తేమ, చెమట ఆరే దారి లేదు, 48 డిగ్రీల గదిలో మూడు నిమిషాలకే నా గుండె చప్పుడు చెవుల్లో వినబడింది. ఊట నీళ్ళు అక్కడే పారుతుంటాయి, గదిని కాచేది వాటి ఆవిరే. రాతి మెట్ల మీద కూర్చోవాలి, పై మెట్టు మీద ఎక్కువ వేడి. బీపీ మాత్రలు వేసుకునే వదిన కింది మెట్టు దాటి పైకెక్కలేదు, నిమిషాలు పూర్తికాకుండానే లేచి వచ్చేసింది. ముందు రోజే డాక్టరునడిగి వచ్చాం, ఆయన చెప్పింది కూడా అదే. తల తిరిగినట్టుంటే లేచి రావడమే తప్ప గోడ మీద నిమిషాలతో పంతం వద్దు. గుండె జబ్బున్నవాళ్ళు, గర్భిణులు డాక్టరునడగకుండా ఇటు రానేకూడదు.

తొమ్మిదో మజిలీ దగ్గర మొదటిసారి నీళ్ళలో మునిగాం. ఆలోచించి చూస్తే చిత్రమే. వేడినీటి ఊరికొచ్చి, ఊట నీళ్ళలోకి దిగడానికే గంట పట్టింది. 36 డిగ్రీలు, ఇంచుమించు ఒంటి వేడే. అందుకని దిగినట్టే తెలీదు. మెడ దాకా నీళ్ళు, భుజం బరువే లేదు. అక్కడ నా వ్యాయామాలు మొదలెట్టాను. ఇంటి దగ్గర గోడ మీద వేళ్ళు పాకించుకుంటూ పళ్ళు బిగించి లేపే చెయ్యి, నీళ్ళే కింది నుంచి ఎత్తుతుంటే చెవి దాటి పైకి పోయింది. తర్వాతది 34 డిగ్రీలు, అడుగునుంచి బుడగలు. వదిన మోకాళ్ళు ముడిచి, చాచి, ముడిచి, ఇంక లేవనంది.

లేవాల్సొచ్చింది. తర్వాతదే గుమ్మటం కింద పెద్ద కొలను, 28 డిగ్రీలు. గుండ్రటి కొలను, చుట్టూ స్తంభాలు, పైన గుమ్మటం నడినెత్తిన వెలుతురు పడే కన్నం. అందులో అటువైపు నుంచి వచ్చిన మగవాళ్ళు ముగ్గురో నలుగురో. ఒక పెద్దాయన మాకు 'గూటెన్ టాగ్' చెప్పి, మీసాల దాకా నీళ్ళలో మునిగి ఈదుకుంటూ పోయాడు. వదిన కూడా 'గూటెన్ టాగ్' అని, నాతో తెలుగులో, "మన బావగారిలా ఉన్నాడు" అంది. అంతే, ఇన్ని రోజులూ మేం భయపడిన ఘట్టం అలా అయిపోయింది.

ఆ పైన చన్నీళ్ళ తొట్టి, 18 డిగ్రీలు. ఇందులో వదిన దిగనంది, కాళ్ళు మాత్రం ముంచింది. నేను దిగాను. ఊపిరి ఆగిపోయినంత పనైంది. బయటికి రాగానే వెచ్చటి తువ్వాలు చుట్టారు. కాచి ఉంచిన తువ్వాలు. ఒంట్లో సూదులతో గుచ్చినట్టు రక్తం పరిగెత్తడం తెలిసింది. ఇంతసేపూ వేడికి విప్పారిన రక్తనాళాలు చన్నీళ్ళకి ఒక్కసారిగా ముడుచుకుని, మళ్ళీ విప్పారడం అది. దిగుతూ వచ్చిన అంకెలు చూసుకుంటే, 36, 34, 28, 18, కింద శిథిలాల్లో చూసిన వరసే ఇది. రెండు వేల ఏళ్ళ తర్వాత కూడా దాన్ని తిరగెయ్యాలని ఎవరికీ అనిపించలేదు.

ఒంటికి క్రీము రాశాక నిద్ర గది. మసక వెలుతురు, గుండ్రంగా వేసిన మంచాలు. ఒకావిడ వచ్చి వేడి దుప్పట్లో చేతులతో సహా గట్టిగా చుట్టేసి, పైన కంబళి కప్పి, మాట్లాడొద్దని వేలు చూపించి వెళ్ళిపోయింది. అరగంట. నెలల తర్వాత ఆ భుజం మీదికి తిరిగి పడుకున్నాను. వదిన గురక గది మొత్తానికి వినబడింది, ఎవరూ ఏమీ అనలేదు. ఆఖరిది చదువుకునే గది, అక్కడ టీ తాగి బట్టలేసుకున్నాం.

ఫలితం మాటకొస్తే, ఉన్నదున్నట్టు చెప్తాను. ఆ సాయంత్రం నా జడ నేనే వేసుకున్నాను. వదిన స్టేషన్‌లో లిఫ్ట్ ఉన్నా మెట్లెక్కింది. రెండో రోజు కూడా బాగానే ఉంది. వారం తిరిగేసరికి ఇద్దరం మళ్ళీ మామూలే. ఆ రెండు రోజుల్లో చెయ్యి వదులుగా ఉన్నప్పుడు వ్యాయామాలు గట్టిగా చేశాను, దానివల్ల కొంత మిగిలింది. ఇంకో రెండు మూడు సార్లు వెళ్ళాక ఫిజియోథెరపీ ఆవిడా అదే అంది. తలుపు తెరిచేది వేడి, లోపలికి నడవాల్సింది నువ్వే.

ఊట నీళ్ళలో ఉండే ఉప్పు గురించి, లిథియం గురించి, ఇంకా ఏవేవో ఖనిజాల గురించి అక్కడ పెద్ద పట్టికలు పెడతారు. చర్మంలోంచి అవి లోపలికి పోయేది ఏపాటి? నేనైతే నమ్మను. కీళ్ళ అరుగుదలకి వేడినీటి స్నానాలు కొంతకాలం నొప్పి తగ్గిస్తాయని వైద్యులూ ఒప్పుకుంటారు, అరిగిన గుజ్జు తిరిగొస్తుందని మాత్రం ఎవరూ అనరు. మూడున్నర గంటలు ఫోను లేకుండా, ఎవరో ఒకరు తోమి, తుడిచి, కప్పి పడుకోబెడితే, ఆ నీళ్ళు కుళాయివైనా సగం నొప్పి పోతుందని నా అనుమానం. అలాగని కుళాయి నీళ్ళతో ఎవరైనా ఇంత ఓపిగ్గా ఇంత భవనం కడతారా అంటే, కట్టరు. ఆ ఊట ఉండబట్టే సిపాయిలొచ్చారు, జూదం పోయినా ఊరు నిలబడింది. 2021లో యునెస్కో ఐరోపాలోని పదకొండు ఊటల ఊళ్ళని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు అందులో ఇదీ ఉంది.

ఇంటికొచ్చాక మా ఆయన ఉత్సాహపడి, ఈసారి నేనూ వస్తానన్నాడు. అన్నీ విప్పాలట్రా అని వాళ్ళక్క చెప్పగానే, తనకి నొప్పులేం లేవని గుర్తొచ్చింది ఆయనకి.

"నువ్వు కారకల్లాకి పోరా," అంది వదిన, "అక్కడ లాగులేసుకోనిస్తారు."